మూడు గురిగింజల ఎత్తు మందు

మల్కాజ్‌గిరిలో ఏ నగల దుకాణంలో అడిగినా ఇప్పుడు తులమంటే పది గ్రాములే. 1833లో బ్రిటిష్ పాలకులు ఖాయం చేసిన తులం ఇంకాస్త బరువు. అది 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. ఎనిమిది గురిగింజలు ఒక మాషా, పన్నెండు మాషాలు ఒక తులం అనే పాత లెక్క ప్రకారం గురిగింజ ఒక్కటి 1.875 గ్రెయిన్లు తూగాలి. గ్రాముల్లో చెబితే 0.12. కంసాలి త్రాసులోంచి గ్రెయిన్ ఏనాడో వెళ్లిపోయింది కానీ, తుపాకి తూటాల లోకంలో ఇవాళ్టికీ అదే కొలత. 9 ఎం.ఎం. పిస్తోలు తూటాలో పోసే మందు, రకాన్ని బట్టి కాస్త అటూ ఇటూగా, ఐదు గ్రెయిన్లు. మూడు గురిగింజల ఎత్తు కూడా ఉండదు.

ఆ కాస్త మందు సెకనులో వెయ్యోవంతు గడిచేలోపే మండిపోతుంది. ఆ తూటాకు అమెరికన్ పరిశ్రమ ప్రమాణాలు అనుమతించే గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 35,000 పౌండ్లు. మన కారు టైరులో గాలి 32 పౌండ్ల దగ్గర ఉంటుంది. అంటే వెయ్యి రెట్ల పైమాటే. ఆ పీడనాన్ని ఆపుతున్నది పిడికిట్లో ఉన్న ఉక్కు గొట్టమూ, దానిలోపల పలచని ఇత్తడి తొడుగూ మాత్రమే. కాల్చేసిన తొడుగును ఏరుకొచ్చి, శుభ్రం చేసి, మందును అంటించే కొత్త ప్రైమరు, కొత్త మందు, కొత్త గుండు పెట్టి ఇంట్లోనే మళ్లీ తూటాగా మార్చుకోవడాన్ని రీలోడింగ్ అంటారు. దానికి ఏ పనిముట్లు ఎంచుకోవాలి, ఎందుకు ఎంచుకోవాలి అన్నది ఈ అధ్యాయంలో విషయం. పనిముట్ల వెనక లోహశాస్త్రం ఉంది, రసాయనశాస్త్రం ఉంది, అన్నిటికంటే మిన్నగా కొలతల శాస్త్రం ఉంది.

అయితే వీటన్నిటికంటే ముందు చట్టం ఉంది. మల్కాజ్‌గిరి, నేరేడ్‌మెట్, సైనిక్‌పురి ప్రాంతాలు సికింద్రాబాద్ కంటోన్మెంటుకు ఆనుకున్నవి. సైన్యంలో పనిచేసి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి. లైసెన్సు ఉన్న రివాల్వర్లూ కొన్ని ఇళ్లలో ఉంటాయి. ఆ లైసెన్సు ఆయుధం ఉంచుకోవడానికీ, పరిమితి మేరకు తూటాలు కొనుక్కోవడానికీ ఇచ్చినది. తయారుచేసుకోవడానికి ఇచ్చినది కాదు. 1959 నాటి ఆయుధాల చట్టం ఐదో సెక్షను ప్రకారం తయారీకి విడిగా లైసెన్సు ఉండాలి. అదే చట్టం రెండో సెక్షనులో ‘అమ్యూనిషన్’ నిర్వచనం చదివితే తూటాల విడిభాగాలూ, వాటిని తయారుచేసే యంత్రాలూ కూడా అందులోనే కనిపిస్తాయి. అంటే చిటికెడు మందు లేకపోయినా, తూటాలు నింపే ప్రెస్సు ఒక్కటే బల్లకు బిగించి ఉన్నా, చట్టం కంటికి అదీ అమ్యూనిషనే. లైసెన్సు లేని తయారీకి 2019 సవరణ తర్వాత శిక్ష కనీసం ఏడేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. కాబట్టి అమెరికా నుంచి వచ్చే బావగారిని ‘ఆ ప్రెస్సు ఒకటి తెచ్చిపెట్టు’ అని అడగకూడదు. షూటింగ్ రేంజిలో ఏరుకున్న ఖాళీ తొడుగుల్ని గుర్తుగా సూట్‌కేసులో వేసుకోవద్దని ఆయనకు ముందే చెప్పాలి.

ఇక్కడి క్రీడాకారుల సంగతేమిటన్న ప్రశ్న వస్తుంది. గగన్ నారంగ్ పెరిగింది హైదరాబాద్‌లోనే. 2012 లండన్ ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చాడు. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు సాధించింది. వాటిలో 25 మీటర్ల పిస్టల్ జట్టు స్వర్ణం ఒకటి. ఆ 25 మీటర్ల పోటీలో వాడేది .22 తూటా. దాన్ని చట్టం అనుమతించినా మళ్లీ నింపడం కుదరదు. ఈ తూటాకు విడిగా ప్రైమరు ఉండదు. అంటుకునే రసాయనాన్ని తొడుగు అడుగున అంచు మడతలో చుట్టూ పూసేస్తారు. పిన్ను ఆ అంచును నొక్కగానే అది పేలి మందును అంటిస్తుంది. ఒకసారి నలిగిన ఆ మడతను తిరిగి యథాస్థితికి తేవడం, అందులో రసాయనం నింపడం ఇంటి బల్ల మీద అయ్యే పని కాదు. ఎయిర్ రైఫిల్‌కూ, ఎయిర్ పిస్టల్‌కూ అసలు మందే లేదు. అందువల్ల మన దగ్గర పిస్తోలు కాల్చే పిల్లల్లో అత్యధికులకు రీలోడింగ్ ప్రశ్నే ఎదురుకాదు.

ఎదురయ్యేది సముద్రాల అవతల, డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ఇర్వింగ్, ప్లేనో లాంటి చోట్ల స్థిరపడ్డ మన బంధువులకు. అమెరికాలో సొంత వాడకానికి తూటాలు నింపుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. కానీ మనవాళ్లలో చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకి గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధించింది. వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులు తప్పిస్తే ఇది అందరికీ వర్తిస్తుంది. గ్రీన్‌కార్డు వచ్చాక ఆ అడ్డు తొలగుతుంది. వీసా మీద ఉండగానే ప్రెస్సు కొనేసి, తూటా ఒకటి నింపి చూసుకుంటే ఏళ్ల తరబడి కట్టుకున్న బతుకు కూలిపోవచ్చు. పనిముట్ల జాబితాలో మొదట రాసుకోవాల్సింది ఇదే.

ఇక పనిలోకి వెళదాం. పిస్తోలు తూటాలో నాలుగు భాగాలుంటాయి: తొడుగు, ప్రైమరు, మందు, గుండు. వీటిలో తొడుగే ఖరీదైనది, పదే పదే వాడుకోగలిగేది కూడా అదే. రీలోడింగ్ మొత్తానికి పునాది ఆ ఇత్తడి గుణమే. 70 పాళ్లు రాగి, 30 పాళ్లు తుత్తునాగం కలిసిన ఈ ఇత్తడి తూటా పేలగానే ఉబ్బి, తుపాకిలో తూటా కూర్చునే ఛాంబర్ గోడకు అతుక్కుని, వాయువు వెనక్కి రాకుండా మూసేస్తుంది. గుండు బయటికి పోయి పీడనం పడిపోగానే కొద్దిగా ముడుచుకుంటుంది. ఆ ముడుచుకోవడం వల్లే ఖాళీ తొడుగు సులువుగా బయటికి వస్తుంది. అయితే పూర్తిగా పాత కొలతకు రాదు. అందుకే మొదటి పని దాన్ని డై అనే ఉక్కు అచ్చులోకి తోసి మళ్లీ సన్నం చేయడం. పిస్తోలు తొడుగులు దాదాపు నిటారుగా ఉంటాయి కాబట్టి లోపల టంగ్‌స్టన్ కార్బైడ్ వలయం ఉన్న డై తీసుకుంటే నూనె పూయనక్కర్లేదు. మామూలు ఉక్కు డై అయితే ప్రతి తొడుగుకీ నూనె రాయాలి, తర్వాత తుడవాలి. తుడవని నూనె ప్రైమరును చల్లార్చేయగలదు. కార్బైడ్‌కు పెట్టే కాస్త ఎక్కువ డబ్బు వృథా కాదు.

ఇత్తడి గురించి మన దేశానికి సంబంధించిన గొప్ప పాఠం ఒకటుంది. బ్రిటిష్ సైన్యం వానాకాలంలో తూటాల పెట్టెలను గుర్రపు శాలల్లో దాచేది. వానలు వెలిశాక తెరిచి చూస్తే, ఎవరూ కాల్చకుండానే తొడుగులు పగుళ్లిచ్చి ఉండేవి. ఋతువుతో పాటు వచ్చే జబ్బులా కనిపించింది కాబట్టి ‘సీజన్ క్రాకింగ్’ అన్నారు. అసలు కారణాన్ని 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే పరిశోధకులు బయటపెట్టారు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా ఒక చేయి, తొడుగును సాగదీసి తయారుచేసినప్పుడు లోహంలో మిగిలిపోయిన ఒత్తిడి రెండో చేయి. రెండూ కలిస్తేనే పగులు. లోహాన్ని తగుమాత్రం వేడిచేసి ఆ ఒత్తిడిని తీసేస్తే జబ్బు పోయింది. ఇప్పటి రీలోడరుకు దీని సారం ఏమిటంటే, తొడుగులు మెరవాలని అమ్మోనియా ఉన్న పాలిష్ వాడకూడదు. నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం, కొద్దిగా కలిపిన నీళ్లలో కడిగితే చాలు. ఇత్తడి బిందెను చింతపండుతో తోమిన అమ్మమ్మల చేతిలో ఉన్నదీ ఆమ్లమే. ఇత్తడి విషయంలో వాళ్లు ఎంచుకున్న దారి సరైనది.

శుభ్రం చేసే యంత్రాన్ని ఎంచుకునేటప్పుడు మెరుపు కంటే సీసం గురించి ఎక్కువ ఆలోచించాలి. ఇవాళ్టి ప్రైమర్లలో ఎక్కువ వాటిలో ఉండేది లెడ్ స్టిఫ్నేట్. అది కాలాక తొడుగు లోపల సీసపు మసి మిగులుతుంది. మొక్కజొన్న కండెల పొడి వేసి పొడిగా తిప్పే టంబ్లరులో ఆ మసి ధూళిగా లేచి గదిలో పరుచుకుంటుంది. పాకే వయసు పిల్లలున్న ఇంట్లో అది విషమే. నీళ్లలో తిప్పే టంబ్లరు ధూళి లేపదు. ఖరీదు ఎక్కువైనా, ఆరబెట్టే పని అదనమైనా నా ఓటు దానికే. అది పెట్టాల్సిన చోటు వంటగది కాదు, గ్యారేజీ.

ప్రైమరు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. అది రీలోడర్లు కూడా కొనుక్కునేదే, ఎవరూ ఇంట్లో చేసుకోరు. మంటతో కాక దెబ్బతో పేలే పదార్థాలది పూర్తిగా వేరే ప్రపంచం. మన కూకట్‌పల్లిలో ఐ.డి.ఎల్. కర్మాగారం డిటొనేటర్లు తయారుచేసిన రోజుల్లో దాని చుట్టూ అంత ఖాళీ స్థలం వదిలింది ఊరికే కాదు. ప్రైమర్లను కంపెనీ ఇచ్చిన అరల పెట్టెలోంచి తీసి సీసాలో పోయడం మాత్రం ఎన్నడూ చేయకూడదు. విడివిడిగా ఉన్నంతసేపు ఒకటి పేలితే ఒకటే. ఒకదానికొకటి తగులుతూ సీసాలో ఉంటే అన్నీ ఒక్కసారే.

ఇప్పుడు అసలు ప్రశ్న, ఏ ప్రెస్సు కొనాలి? బజారులో మూడు రకాలున్నాయి. ఒక్కో మీట లాగుడుకు ఒక్క పని చేసేది సింగిల్ స్టేజ్. డైలన్నిటినీ తిరిగే తలకు బిగించి, ఒకే తొడుగును వరసగా పూర్తిచేసేది టరెట్. ప్రతి లాగుడుకూ ఒక పూర్తి తూటా రాల్చేది ప్రోగ్రెసివ్. మొదటిదానితో గంటకు వంద లోపు, మూడోదానితో నాలుగైదు వందలు నింపవచ్చు. వేగం చూసి చాలామంది మూడోదానికి ఎగబడతారు. కానీ అందులో నాలుగైదు తొడుగులకు నాలుగైదు పనులు ఒకేసారి జరిగిపోతుంటాయి. తప్పు ఎక్కడ దాక్కుంటుందో పట్టుకునే కన్ను కొత్తవాడికి ఇంకా రాలేదు.

ఆ తప్పు ఎలాంటిదో .38 స్పెషల్ చక్కగా చూపిస్తుంది. ఈ రివాల్వరు తూటా 1898 నాటిది. అప్పుడు వాడింది సురేకారం, గంధకం, బొగ్గు కలిపిన పాత తుపాకిమందు. దానికి శక్తి తక్కువ, చోటు ఎక్కువ కావాలి. అందుకని తొడుగును ఇరవై గ్రెయిన్ల దరిదాపు మందు పట్టేంత పొడవుగా చేశారు. నైట్రోసెల్యులోజ్‌తో చేసిన పొగలేని మందు వచ్చాక అదే పనికి నాలుగైదు గ్రెయిన్లు చాలు. తొడుగు మాత్రం మారలేదు. ఇప్పుడు పొరపాటున రెండుసార్లు మందు పోసినా పొంగి పొర్లదు. లోపల నిశ్శబ్దంగా ఇమిడిపోతుంది, పైన గుండు కూర్చుంటుంది. కాల్చినప్పుడు రివాల్వరు ముక్కలైపోవచ్చు. దీనికి పూర్తి వ్యతిరేకమైన తప్పు అసలు మందే పోయకపోవడం. ప్రైమరు బలానికే గుండు కదిలి గొట్టం మధ్యలో ఇరుక్కుంటుంది. మంద్రంగా వచ్చిన చప్పుడును పట్టించుకోకుండా రెండోసారి మీట నొక్కితే వెనక వచ్చే గుండు ముందుదాన్ని ఢీకొంటుంది.

అందుకే కొత్తవాళ్లు సింగిల్ స్టేజ్‌తో మొదలుపెట్టాలని నేను గట్టిగా చెబుతాను. ఐదు వరసలు, వరసకు పది రంధ్రాలున్న చెక్క దిమ్మలో యాభై తొడుగులు నిలబెట్టి, అన్నిటిలో మందు పోసి, గుండు పెట్టేముందు దీపం పట్టుకుని ఒక్కొక్కదాని లోపలికీ చూడొచ్చు. ఎక్కువ తక్కువలు పక్కపక్కనే కనబడిపోతాయి. చౌకైన ప్రెస్సు ఇచ్చే ఈ సదుపాయం ఖరీదైన యంత్రంలో లేదు. మందును ఎంచుకోవడంలోనూ ఇదే ఆలోచన పనికొస్తుంది. పుస్తకం సూచించిన వాటిలో తొడుగును సగానికి పైగా నింపేంత ఉబ్బుగా ఉన్నదాన్ని తీసుకుంటే, రెండోసారి పోసినప్పుడు అది బయటికి పొంగి తప్పును తనే చెప్పేస్తుంది.

ప్రెస్సులో మిగిల్చిన డబ్బు త్రాసు మీద పెట్టాలి. రీలోడింగ్ త్రాసులు గ్రెయిన్‌లో పదోవంతు చూపాలి, అంటే 6.5 మిల్లీగ్రాములు. వంటింటి త్రాసుల్లో మంచివనిపించేవి 0.1 గ్రాము వరకు చూపుతాయి. అది ఒకటిన్నర గ్రెయిన్లు. ఐదు గ్రెయిన్ల మందులో మూడో వంతు దాని కంటికి కనబడకుండా పోతుంది. ఈ పనికి అది నిరుపయోగమే కాదు, ప్రమాదం. నగల దుకాణంలో 0.01 గ్రాము చూపే త్రాసు ఫర్వాలేదనిపిస్తుంది. అదీ ఒకటిన్నర పదోవంతుల గ్రెయిన్ దగ్గరే ఆగిపోతుంది. రాళ్లు తూచే 0.001 గ్రాము త్రాసు అయితే సరిపోతుంది.

అంకెలు చూపే ఎలక్ట్రానిక్ త్రాసు మేలా, కాడి మీద బరువు జరిపే పాతకాలపు త్రాసు మేలా? ఎలక్ట్రానిక్‌ది త్వరగా తూస్తుంది. కానీ లోపలి లోడ్ సెల్ వేడెక్కే కొద్దీ సున్నా పక్కకు జరుగుతుంది, దగ్గరలో సెల్‌ఫోను ఉంటే అంకెలు ఊగుతాయి. కాడి త్రాసు నిదానంగా పనిచేస్తుంది, విద్యుత్తు అడగదు, సెల్‌ఫోనును లెక్కచేయదు. రెండింటికీ శత్రువు పైన తిరిగే ఫ్యాను. మనవాళ్ల ఇళ్లలో అది ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా చెప్పాలి. పళ్లెం మీద వీచే గాలి కొన్ని మిల్లీగ్రాముల బలంతో నొక్కగలదు. ఏది కొన్నా దానితోపాటు పరీక్ష బరువులు కొనడం మరవకూడదు. తూచబోయే మందు బరువుకు దగ్గరగా ఉన్న పరీక్ష బరువును పని మొదట్లోనూ, మధ్యలోనూ పెట్టి చూడాలి. నూరు గ్రాముల దగ్గర సరిగ్గా ఉన్న త్రాసు పావు గ్రాము దగ్గర కూడా సరిగ్గా ఉంటుందని హామీ లేదు.

ప్రతి తూటాకూ తూచి పోయడం కష్టం కనుక, పరిమాణంతో కొలిచి పోసే డ్రమ్ము కొలతను వాడతారు. ఇక్కడ మందు ఆకారం ముఖ్యం. సన్నని గుళ్లుగా ఉన్నది నీళ్లలా జారి ప్రతిసారీ ఒకేలా నిండుతుంది. రేకులుగా ఉన్నది మూతి దగ్గర వంతెన కట్టి ఒకసారి తక్కువ, ఆ వెంటనే ఎక్కువ పడేస్తుంది. మీటను ప్రతిసారీ ఒకే ఊపుతో తిప్పాలి, పదింటికి ఒకటి త్రాసు మీద పెట్టి చూసుకోవాలి.

మరొక పనిముట్టును అందరూ చివర్లో కొంటారు కానీ మొదటే కొనాలి. అది పొడవును కచ్చితంగా కొలిచే కాలిపర్. 9 ఎం.ఎం. తూటా చిన్నది, లోపల ఖాళీ తక్కువ. గుండును అనుకున్నదానికంటే మిల్లీమీటరులో కొంత భాగం లోతుగా నొక్కినా మందుకు మిగిలిన చోటు బాగా తగ్గి పీడనం ఒక్కసారిగా పెరుగుతుంది. మందు సరిగ్గానే తూచినా తూటా ప్రమాదకరం కావచ్చన్నమాట. అందుకే రీలోడింగ్ పుస్తకాలు మందు బరువు పక్కనే తూటా మొత్తం పొడవు కూడా ఇస్తాయి. గుండ్లు, మందులు తయారుచేసే కంపెనీలు ప్రయోగశాలలో పీడనం కొలిచి అచ్చువేసే పుస్తకాలవి. స్నేహితుడు చెప్పిన లెక్కతో, వాట్సాప్‌లో వచ్చిన అంకెతో మందు పోయకూడదు. గరిష్ఠ పరిమితికి పది శాతం తక్కువతో మొదలుపెట్టమని అవి సాధారణంగా చెబుతాయి. ఐదు గ్రెయిన్లలో పది శాతమంటే అర గ్రెయిను, 32 మిల్లీగ్రాములు. మొదలుకూ హద్దుకూ మధ్య ఉన్న దూరం అంతే. గురిగింజ బరువులో మూడో వంతు కూడా కాదు.

మళ్లీ మన ఊరికి వద్దాం. మల్కాజ్‌గిరి అపార్ట్‌మెంటులో ఉంటూ ఎయిర్ పిస్టల్ నేర్చుకుంటున్న అమ్మాయి కూడా పోటీలవాళ్లను చూసి ఇలాంటి త్రాసు కొనాలనుకోవచ్చు, సీసపు పెల్లెట్లను తూచి వేరు చేయడానికి. కొనాలా? లెక్క వేసి చూద్దాం. పెల్లెట్ బరువు 0.53 గ్రాములు, వేగం సెకనుకు 150 మీటర్లు అనుకుంటే దాని శక్తి ఆరు జౌళ్లు. .177 కొలత మించకుండా, 20 జౌళ్ల లోపు ఉన్న గాలి తుపాకికి మన ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. పది మీటర్లు వెళ్లడానికి పెల్లెట్‌కు సెకనులో పదిహేనోవంతు పడుతుంది. ఆలోగా అది దాదాపు 22 మిల్లీమీటర్లు కిందికి జారుతుంది. అదే శక్తితో వెళ్లే పెల్లెట్ బరువు ఒక శాతం పెరిగితే ఆ జారుడూ ఒక శాతమే పెరుగుతుంది, అంటే 0.2 మిల్లీమీటర్లు. పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. మందులో హద్దు దాకా తీసుకెళ్లిన ఆ 32 మిల్లీగ్రాముల తేడాయే పెల్లెట్‌లో ఉందనుకున్నా (అంత తేడా మంచి పెల్లెట్ల డబ్బాలో ఉండనే ఉండదు), జారుడు పెరిగేది ఒకటిన్నర మిల్లీమీటర్ల లోపే. వలయం మధ్యకు పెట్టిన గురి ఆ వలయం దాటదు.

కాబట్టి ఆ అమ్మాయికి త్రాసు అనవసరం. రెండు మూడు తల కొలతల పెల్లెట్లు కొద్దికొద్దిగా కొని, పిస్తోలును బల్లకు ఆనించి కాల్చి, ఏది దగ్గర దగ్గరగా పడుతుందో చూసి అదే రకం ఎక్కువగా కొనుక్కోవడం మంచిది. హాలు పది మీటర్లు లేకపోతే ఐదు మీటర్ల దగ్గర సగం కొలతకు తగ్గించిన టార్గెట్ పెట్టుకోవచ్చు. వెనక పెల్లెట్‌ను ఆపే ఇనుప పెట్టె ఉండాలి, కాల్చే దారిలోకి తెరుచుకునే తలుపు ఏదీ ఉండకూడదు. పెల్లెట్ లేకుండా మీట నొక్కే సాధనకు ఖర్చే లేదు, చేతి వణుకును తగ్గించేది ఎక్కువగా అదే. పెల్లెట్లు ముట్టుకున్నాక అన్నం తినేముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి, ఎందుకంటే అవీ సీసమే.